రిజిస్టరులో రాసిందే రేపు జీవో అవుతుంది

(ఏఎన్‌ఎమ్‌లు, అంటే పల్లెల్లో పనిచేసే ఆక్సిలరీ నర్స్ మిడ్‌వైఫ్‌లు, సూపర్‌వైజర్లు, పబ్లిక్ హెల్త్ నర్సుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారు చదువుకోవడానికి రికార్డింగు నుంచి రాసి పెట్టాం.)

అందరికీ నమస్కారం. ముందు ఒక ప్రశ్న అడుగుతాను, చెప్పండి. నెలాఖరుకి కూర్చుని మీరు నింపే హెచ్‌ఎంఐఎస్ రిపోర్టు, అదే నెలవారీ ఆరోగ్య లెక్కలు, ఎక్కడికి పోతుంది? పీహెచ్‌సీకి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి. అక్కడి నుంచి? జిల్లాకి. ఆ తర్వాత? చూశారా, జిల్లా దాటేసరికి అందరూ ఆగిపోయారు. ఆ దాటాక ఏం జరుగుతుందో ఈ పూట మాట్లాడుకుందాం. ఐరన్ మాత్రలు ఎన్ని కొనాలి, 108 బండిని ఏ ఊళ్లో నిలపాలి, పీహెచ్‌సీ కింద ఉండే ఆరోగ్య ఉపకేంద్రం, అదే సబ్‌సెంటర్, ఎక్కడ కట్టాలి, ఏఎన్‌ఎమ్ చేతికి ఏ ఇంజెక్షన్ ఇవ్వొచ్చు, ఏది ఇవ్వకూడదు... ఇవన్నీ అక్కడే తేలతాయి. పాలసీ అంటే ఢిల్లీలో అచ్చువేసిన పుస్తకం ఒక్కటే అనుకోకండి. ఇవన్నీ పాలసీయే.

ఏఎన్‌ఎమ్ చేతికి ఏ ఇంజెక్షన్ అన్నాను కదా, అక్కడే మొదలుపెడదాం. బిడ్డ పుట్టగానే తల్లికి ఆక్సిటోసిన్ 10 యూనిట్లు కండకి ఇస్తున్నారు. ఫిట్స్ వచ్చిన గర్భిణిని పెద్దాసుపత్రికి పంపేముందు మెగ్నీషియం సల్ఫేట్ మొదటి డోసు ఇస్తున్నారు, ఒక్కో పిరుదుకి 5 గ్రాములు, మొత్తం 10 గ్రాములు. ఈ అనుమతి మొదటి నుంచీ ఉన్నది కాదు. కాన్పు చేసే ఏఎన్‌ఎమ్‌లు, స్టాఫ్ నర్సుల కోసం కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో రాసి ఇస్తే వచ్చింది. 2010 నాటి ప్రతి తీసి చూడండి, స్పష్టంగా ఉంటుంది. 2014లో ఇంకో రెండు వచ్చాయి. రెండు నెలల లోపు బిడ్డకి ఒళ్లంతా ఇన్ఫెక్షన్ సోకి, తీసుకెళ్లే దారి లేనప్పుడో ఇంట్లోవాళ్లు ఒప్పుకోనప్పుడో జెంటామైసిన్ ఇవ్వడం ఒకటి. నెలలు నిండకుండా నొప్పులు వచ్చిన తల్లికి పంపేముందు డెక్సామెథసోన్ ఇవ్వడం రెండోది. ఈ అనుమతులన్నిటి వెనక ఉన్న వాదన ఒక్కటే. ఆ రాత్రి ఆ ఊళ్లో డాక్టరు లేరు, ఏఎన్‌ఎమ్ ఉంది. ఆ సంగతి కాగితం మీదకి ఎక్కితేనే సూది మీ చేతికి వచ్చింది.

కాగితం మీదకి ఎక్కితే వస్తుంది. కాగితం మీద నుంచి పోతే? పోతుంది కూడా. మీలో ఎంతమంది నియామక ఉత్తర్వులో నర్సు అనే మాట ఉంది? చేతులెత్తండి. మల్టీ పర్పస్ హెల్త్ అసిస్టెంట్, ఫిమేల్. అంతేనా? 1973లో కర్తార్ సింగ్ కమిటీ ఒక సిఫారసు చేసింది. ఏఎన్‌ఎమ్‌ని ఇకపై మహిళా ఆరోగ్య కార్యకర్త అనాలి, ఒక్కో జబ్బుకి ఒక్కో మనిషి కాకుండా అన్ని పనులూ ఒకరే చూడాలి అని. ఆ ఆలోచనలో మంచి లేదని నేననను. మలేరియాకి ఒకరు, కుటుంబ నియంత్రణకి ఒకరు, మశూచికి ఒకరు తిరిగే రోజులవి. కానీ ఆ ఒక్క వాక్యంతో నర్సు అనే మాట పోయింది, మంత్రసాని పని అనే మాట కూడా పోయింది. మాట పోయాక శిక్షణలో ఆ పనికిచ్చే సమయం తగ్గింది. పేరు మారిస్తే ఏముందిలే అనుకుంటాం. ఎవరు ఏ పని చేయాలో చెప్పే జాబ్ చార్టు ఆ పేరుకే రాస్తారమ్మా.

ఇక్కడ ఒక పెద్దావిడ గురించి చెప్పి ముందుకి వెళతాను. ఫ్లోరెన్స్ నైటింగేల్ అనగానే మనకి దీపం గుర్తొస్తుంది. నర్సింగ్ స్కూల్లో దీపం పట్టుకుని ప్రమాణం కూడా చేశాం. ఆవిడ చేతిలో దీపం కంటే ఎక్కువ కాలం ఉన్నది పట్టిక. భారతదేశంలో సైన్యం ఆరోగ్యం మీద 1859లో రాయల్ కమిషన్ వేశారు. ఆవిడ ఈ దేశంలో ఎప్పుడూ అడుగుపెట్టలేదు. ఇక్కడి సైనిక స్థావరాలన్నిటికీ ప్రశ్నల పత్రాలు పంపించింది. నీళ్లు ఎక్కడివి, మురుగు ఎటు పోతోంది, ఒక్కో గదిలో ఎంతమంది పడుకుంటున్నారు. 1863లో నివేదిక వచ్చింది. బ్రిటిష్ సైనికులు ఏటా వెయ్యికి 69 మంది పోతున్నారు, యుద్ధంలో కాదు, జ్వరాలతో, విరేచనాలతో, కలరాతో. తర్వాత ఆవిడ చూపు మన పల్లెల మీదకి, కరువుల మీదకి, సాగునీటి మీదకి మళ్లింది. గోదావరి వాళ్లు ఇక్కడ ఉన్నారు కదా, మీ కాటన్ దొరకీ ఆవిడకీ సాగునీటి విషయమై ఉత్తరాలు నడిచాయి. ఒక నర్సుకి ఆనకట్టతో ఏం పని అని ఆవిడ అనుకోలేదు. వెయ్యికి ఎంతమంది అని అడగడం మొదలుపెట్టిన నర్సుకి అన్నిటితోనూ పని ఉంటుంది.

వెయ్యికి ఎంతమంది. ఈ మాట గట్టిగా పట్టుకోండి.

ఐరన్ మాత్రల లెక్క

రక్తహీనత తీసుకుందాం. 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో గర్భిణుల్లో 53.7 శాతం, తెలంగాణలో 53.2 శాతం మందికి రక్తం తక్కువ. సగం మంది. ఇన్నేళ్లుగా మాత్రలు ఇస్తూనే ఉన్నాం కదా, ఎందుకిలా? తినకపోవడం ఉంది, కడుపులో తిప్పడం ఉంది, నల్లగా విరేచనం అవుతుందని భయం ఉంది, టీతో వేసుకోవడం ఉంది. అవన్నీ మీకు నాకంటే బాగా తెలుసు. నేను చెప్పాలనుకున్నది వేరే. మాత్ర ఊళ్లో ఉందా అన్నది.

5,000 జనాభా ఉన్న సబ్‌సెంటర్ అనుకోండి. జననాల రేటు వెయ్యికి 17 అనుకుందాం. ఏడాదికి కాన్పులు ఎన్ని? 85. గర్భస్రావాలకి 10 శాతం కలిపితే గర్భిణులు 94 మంది. ఒక్కొక్కరికి 180 రోజులు, రోజుకి ఒక మాత్ర, 16,920. చాలామంది ఇండెంటు, అంటే మాకిన్ని కావాలని పంపే కాగితం, ఇక్కడితో ఆగిపోతుంది. కానీ సగం మందికి రక్తం తక్కువ అని ఇప్పుడే కదా అనుకున్నాం. వాళ్లకి రోజుకి రెండు. మూడు నెలలు రెండేసి అనుకుంటే 47 మందికి అదనంగా 4,230. బాలింతలని మరిచిపోయాం, వాళ్లకీ 180 రోజులు, 85 మందికి 15,300. మొత్తం 36,450. చెడిపోయేవాటికి, ఆలస్యాలకి 10 శాతం కలపండి. 40 వేల పైచిలుకు. అడగాల్సింది 40 వేలు, మనం అడుగుతున్నది 17 వేలు. రాష్ట్రమంతా ఇలా కలిస్తే ఏమవుతుంది? కొనేవాళ్లు మోసం చేయక్కర్లేదు, మనమే తక్కువ అడిగాం.

ఇంకో తప్పు దీనికంటే లోతైనది. కొన్నిచోట్ల ఈ లెక్క అసలు వేయరు. పోయినేడు ఎన్ని పంచారో చూసి, దానికి 10 శాతం కలిపి పంపిస్తారు. పోయినేడు రెండు నెలలు స్టాకే లేదనుకోండి. 15,000 పంచారు. దానికి పదో వంతు కలిపి 16,500 అడిగారు. నిజానికి ఆ 15,000 పంచింది 365 రోజుల్లో కాదు, 305 రోజుల్లో. 15,000ని 365తో గుణించి 305తో భాగించండి. 17,950 వస్తుంది. పది శాతం కలపాల్సింది దానికి. అలా చేయకపోతే ఈ ఏటి కొరత వచ్చే ఏటి ప్రణాళికలో కూర్చుంటుంది, ఆ పైఏటికి ఇంకా పెరుగుతుంది. అవసరం లేదు కాబట్టి పంచలేదని పైన అనుకుంటారు. మాత్ర లేక పంచలేదని ఎవరు చెప్పాలి? స్టాకు రిజిస్టరులో సున్నా రాసిన తేదీ, మళ్లీ వచ్చిన తేదీ, ఈ రెండూ రాస్తే చాలు. రాయండి. ఎర్ర ఇంకుతో రాయండి. సూపర్‌వైజర్లు నెలనెలా ఈ రోజులు కూడి పీహెచ్‌సీ మీటింగులో చదవండి. మినిట్స్ పుస్తకంలో ఎక్కేదాకా కూర్చోండి.

రక్తంలో హిమోగ్లోబిన్ ఎంతుందో చూసే హెచ్‌బీ స్ట్రిప్పులదీ ఇదే కథ. 94 మందికి నాలుగు చెకప్‌లు అంటే 376. రక్తం తక్కువున్న వాళ్లకి మళ్లీ మళ్లీ చూడాలి, కొన్ని పాడవుతాయి. 500 దాకా కావాలి. స్ట్రిప్పులు అయిపోయినప్పుడు ఏం జరుగుతుంది? తల్లీబిడ్డల ఎంసీపీ కార్డు మీద గడి ఖాళీగా ఉంటే అడుగుతారని కళ్ల రెప్ప లాగి చూసి 10 అని రాసేస్తారు. అందరికీ 10, 10.2, 10. అమ్మా, ఆ 10 మీద పాలసీ కట్టేవాళ్లు ఏమనుకుంటారు? తీవ్ర రక్తహీనత లేదు, 7 కంటే తక్కువ ఎవరూ లేరు, ఐరన్ సుక్రోజ్ ఇంజెక్షన్లు ఈ జిల్లాకి తగ్గిద్దాం అనుకుంటారు. గడి ఖాళీగా వదిలి స్ట్రిప్పులు లేవు అని రాయడానికి ధైర్యం కావాలి, నిజమే. సూపర్‌వైజర్లు ఇక్కడే ఉన్నారు. మీరు ఖాళీ గడిని తిట్టకండి. ఖాళీ గడి నిజం చెబుతోంది.

మరణం వెనక గడియారం

ఇప్పుడు బరువైన విషయం. 2018-20 లెక్కల ప్రకారం లక్ష సజీవ జననాలకి తల్లుల మరణాలు దేశంలో 97, ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. మన రాష్ట్రాలు ముందున్నాయి, సంతోషం. కానీ ఈ 45 మీ సబ్‌సెంటర్లో ఎలా కనిపిస్తుంది? ఏడాదికి 85 కాన్పులు. లెక్క వేయండి, 26 ఏళ్లకి ఒక మరణం. ఏఎన్‌ఎమ్ చేరిన రోజు నుంచి రిటైరయ్యే రోజు దాకా ఒకటో రెండో. 30 వేల జనాభా పీహెచ్‌సీలో అయినా నాలుగేళ్లకి ఒకటి. అంటే ఒక్క చోట నిలబడి చూస్తే ఏ నమూనా కనిపించదు. అంతా విధి లాగే ఉంటుంది. జిల్లాలో అన్నీ ఒక బల్ల మీద పరిస్తేనే తెలుస్తుంది. ఆ బల్ల మీదకి మీ కాగితం సరిగ్గా రావాలి.

మాతృ మరణ సమీక్షలో ముందు చేసే పని 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్ల మరణాలన్నీ రాయడం. అన్నీ. గర్భిణి అని తెలిసినవే కాదు. ఎందుకు? రెండో నెలలో గర్భం ట్యూబులో పగిలి పోయిన అమ్మాయి ఏ రిజిస్టరులోనూ గర్భిణి కాదు, కడుపునొప్పితో పోయిందంటారు. గర్భస్రావం చేయించుకుని పోయిన అమ్మాయిది జ్వరం అంటారు. కాన్పయిన 42 రోజుల లోపు పుట్టింట్లో పోతే అత్తింటి ఊరు రాయదు, పుట్టింటి ఊరు మాది కాదంటుంది. ఆడవాళ్ల మరణాలన్నీ రాసి, ఒక్కొక్కటీ అడిగి, కాదని తేలితే తీసేయాలి.

తర్వాత ఇంటికి వెళ్లి అడిగి రాసే ఫారం. అక్కడ చేసే తప్పు ఏంటో తెలుసా? కారణం గడిలో కుటుంబ సభ్యుల నిర్లక్ష్యం అని రాస్తారు. ఆలస్యంగా తీసుకొచ్చారు అని రాస్తారు. ఈ రెండు వాక్యాలతో పైన ఎవరైనా ఏం చేయగలరు? ఒక కుటుంబాన్ని తిట్టగలరు, అంతే. ఆలస్యం మూడు చోట్ల జరుగుతుంది. వెళదామని తేల్చుకోవడంలో, చేరడంలో, చేరాక వైద్యం మొదలవడంలో. మూడింటికీ గడియారం పెట్టండి. నొప్పో రక్తస్రావమో ఎన్నింటికి మొదలైంది? ఎన్నింటికి బయల్దేరదామన్నారు? 108కి ఫోన్ ఎన్నింటికి? బండి ఎన్నింటికి వచ్చింది? పీహెచ్‌సీకి ఎప్పుడు చేరారు, ఎప్పుడు పంపించారు? పెద్దాసుపత్రి గేటు ఎప్పుడు, డాక్టరు చూసింది ఎప్పుడు, రక్తం ఎక్కింది ఎప్పుడు? ఉదాహరణకి రాత్రి 11.40కి ఫోన్ చేస్తే బండి 1.25కి వచ్చిందని రాశారనుకోండి. అలాంటివి ఒకే మండలం నుంచి నాలుగు వస్తే కలెక్టరు సమీక్షలో అడిగే ప్రశ్న మారిపోతుంది. కుటుంబం ఎందుకు ఆలస్యం చేసింది అని అడగరు, ఈ మండలంలో రాత్రిపూట బండి ఎక్కడ నిలుపుతున్నారు అని అడుగుతారు.

మరణాలు తక్కువ కాబట్టి చావు దాకా వెళ్లి బతికిన వాళ్లని కూడా ఇలాగే రాయాలి. నాలుగు సీసాల రక్తం ఎక్కిన తల్లి, గర్భసంచి తీసేస్తే బతికిన తల్లి, ఫిట్స్ వచ్చి కోలుకున్న తల్లి. వీళ్లు చెప్పగలరు కూడా.

నిజం రాస్తే మా మీదకే వస్తుంది కదా మేడమ్ అంటారు. అవును, వస్తుందనే భయం ఉంది, ఆ భయానికి కారణాలూ ఉన్నాయి. సమీక్ష మార్గదర్శకాలు మాత్రం పేరు వద్దు, నింద వద్దు అంటున్నాయి. ఆ మాట నిలబెట్టే బాధ్యత జిల్లాలో డీపీహెచ్‌ఎన్‌ఓ, అంటే జిల్లా పబ్లిక్ హెల్త్ నర్సింగ్ ఆఫీసరు మీద ఉందని నేను గట్టిగా నమ్ముతాను. సమీక్ష అయ్యాక మెమో మొట్టమొదట ఏఎన్‌ఎమ్‌కే పోతే, మరుసటి ఏడు ఆ జిల్లా నుంచి వచ్చే ఫారాలన్నీ కుటుంబ నిర్లక్ష్యం అనే చెబుతాయి.

ఏజెన్సీ నుంచి వచ్చిన వాళ్ల కోసం ఒక మాట. సాలూరు, గుమ్మలక్ష్మీపురం వైపు గిరిశిఖర గ్రామాల గర్భిణులకి వసతి గృహాలు పెట్టారు, నెలలు నిండకముందే కిందికి తెచ్చి ఉంచుతారు. డోలీ మోత తప్పించే మంచి పని. అది నడవాలంటే ఏం కావాలి? భవనం, వంటమనిషి, బియ్యం. వీటికంటే ముందు కాన్పు తేదీ కావాలి. తేదీ ఇచ్చేది ఎవరు? మీరు. చివరి నెలసరికి తొమ్మిది నెలల ఏడు రోజులు కలిపేది మీరే. ఆ తేదీ నెల అటూ ఇటూ అయితే తల్లి రెండు నెలలు ఇంటికి దూరంగా ఉండలేక వెళ్లిపోతుంది, లేదా దారిలోనే కంటుంది. అందుకే తేదీ గుర్తులేదంటే వదిలేయకండి. ఇటుకల పండగకి ముందా, తర్వాతా? ఎన్ని సంతల వెనక? ఇలా అడిగి, మొదటి చెకప్ 12 వారాల లోపే చేసి రాయండి. పైన పెట్టే పథకం మీ ఒక్క గడి మీద నిలబడుతోంది.

ఒక పేజీ కాగితం

ఇంతదాకా రాయడం గురించి చెప్పాను. రాసింది ఎటు పంపాలో ఇప్పుడు. జాతీయ ఆరోగ్య మిషన్ డబ్బులో మన రాష్ట్రాలకి కేంద్రం వాటా 60, రాష్ట్రం వాటా 40. ఏ జిల్లా ఏం అడిగిందో కలిపి రాష్ట్రం ఒక అమలు ప్రణాళిక పంపుతుంది, మనం పిప్ అంటాం. ఢిల్లీలో చర్చించి ఏది ఒప్పుకున్నారో ఆర్‌ఓపీగా, అంటే ఆమోదించిన పద్దుల పత్రంగా తిరిగి పంపుతారు. ఆర్‌ఓపీలో లైను లేకపోతే డబ్బు లేదు. ఎంత న్యాయమైన కోరికైనా సరే, లైను లేకపోతే లేదు. పైగా 2022-24 నుంచి ఈ ప్రణాళిక రెండేళ్లకి ఒకేసారి వేస్తున్నారు. ఒకసారి తప్పితే రెండేళ్లు. జిల్లాలో ఈ కసరత్తు ఊపందుకునేది చలికాలంలో. మీ కాగితం అక్టోబరుకే మెడికల్ ఆఫీసరు బల్ల మీద ఉండాలి. ఫిబ్రవరిలో మీటింగులో లేచి అడిగితే అందరూ తలూపుతారు, పని జరగదు.

ఆ కాగితంలో ఏముండాలి? ఒక్క పేజీ చాలు. సమస్యని అంకెలో చెప్పండి, ఎంతమందిలో అన్న హారం కూడా కింద ఉండాలి. చాలామంది అనకండి, 94 మందిలో 31 మంది అనండి. ఇప్పుడు ఏం జరుగుతోందో రెండు వాక్యాలు. ఏం కావాలో ఒక వాక్యం. ఒక్కోదాని ధర, ఎన్ని, ఎన్ని నెలలు, మొత్తం. ఎవరు చేస్తారు, ఏ అంకె చూస్తే పని అయిందని తెలుస్తుంది. కాగితం పైభాగంలో, ఏ పద్దు కింద అడుగుతున్నారో జిల్లా ప్రోగ్రాం ఆఫీసులో అకౌంట్స్ వాళ్లని అడిగి రాయండి, వాళ్లు చెబుతారు. ధర లేని ప్రతిపాదనలు ముందే పక్కకి పోతాయి. చదివేవాళ్లు చెడ్డవాళ్లు కాదు, వాళ్ల పట్టికలో ధర గడి ఉంటుంది, మీ కాగితంలో దానికి జవాబు ఉండదు.

అన్నిటికీ ఢిల్లీ దాకా వెళ్లక్కర్లేదు. సబ్‌సెంటరుకి దారి, వాకిట్లో దీపం, మంచినీటి గొట్టం పక్కన మురుగు, ఇవి పంచాయతీవి. అక్టోబరు 2 నుంచి గ్రామసభల్లో వచ్చే ఏటి పంచాయతీ ప్రణాళిక మొదలవుతుంది. పదిహేనో ఆర్థిక సంఘం పంచాయతీలకి ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం నీటికి, పారిశుధ్యానికే కట్టిపెట్టింది. విరేచనాల కేసులు ఏ బోరు చుట్టూ వస్తున్నాయో మీ దగ్గర పేర్లతో సహా ఉంది. పేర్లు వద్దు, వీధి మ్యాపు గీసి సర్పంచి చేతిలో పెట్టండి. సబ్‌సెంటర్ స్థాయి జన ఆరోగ్య సమితికి కూడా సర్పంచే అధ్యక్షులు కాబట్టి రెండు చోట్లా ఒకే కాగితం పనికొస్తుంది.

చివరగా తెలంగాణ మిడ్‌వైఫరీ సంగతి, అంటే మామూలు కాన్పులు నర్సే చూసుకునే పద్ధతి. ముందు చెప్పిన 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో సిజేరియన్లు 60.7 శాతం, ప్రైవేటులో 81.5. దేశం మొత్తానికి 21.5. 2017లో కరీంనగర్‌లో 30 మంది నర్సులకి 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టారు. 2018లో కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు తెచ్చింది. జిల్లాలో మొదలైన పని దేశ విధానంలోకి వెళ్లిందంటే గర్వంగా ఉంటుంది. కానీ శిక్షణ అయిన నర్సుని మళ్లీ ఐసీయూ డ్యూటీకి వేస్తే ఆ 18 నెలలూ ఏమైనట్టు? పోస్టు మంజూరు కావాలి, జాబ్ చార్టు కావాలి, మామూలు కాన్పు తన నిర్ణయంతో చేసే అధికారం రాతలో ఉండాలి, లేబర్ రూములో చోటు ఉండాలి. ఈ నాలుగూ రాసే బల్ల దగ్గర నర్సు ఉండాలి. 1987లో సరోజినీ వరదప్పన్ అధ్యక్షతన నర్సింగ్ మీద వేసిన ఉన్నతాధికార సంఘం కూడా రాష్ట్రాల్లో నర్సింగ్‌కి ప్రత్యేక డైరెక్టరేట్ ఉండాలనే చెప్పింది. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం బదులు 2023లో కొత్త కమిషన్ చట్టం వచ్చింది, రాష్ట్ర కమిషన్ల మాట అందులో ఉంది. మన రాష్ట్రాల్లో అందులో కూర్చునేవాళ్లలో ఊళ్లో తిరిగిన నర్సు ఎవరని మీ సంఘాలు అడగాలి. జీతం, బదిలీ, రెగ్యులరైజేషన్ అడగండి, అవి మీ హక్కు. అదే వినతిపత్రంలో రెండో పేజీగా స్టాకు లేని రోజుల పట్టిక కూడా జోడించండి.

సరే, టీకి ఇంకా ఇరవై నిమిషాలుంది. స్టాకు రిజిస్టరు తెచ్చుకోమని ముందే చెప్పాం కదా, తెచ్చారా? ఐరన్ మాత్రల పేజీ తీయండి. సున్నా ఉన్న తేదీల కింద గీత గీయండి. ఏప్రిల్ నుంచి మొదలుపెడదాం, ముందు వరుస వాళ్లు చెప్పండి, ఏప్రిల్లో ఎన్ని రోజులు?